పెద్దల్లుడి పేరాశ

ఆ ఉదయం గంగబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినాలి. కొత్తపేట సెంటర్లో ఉన్న తన షామియానాల కొట్టు తెరవాలి. వాడపల్లిలో అన్నసమారాధనకు పంపే కుర్చీల్లో కాళ్ళున్నవి ఏవో, లేనివి ఏవో ఏరాలి. అంతే. దేశాన్ని ఉద్ధరించే పనేమీ లేదు. కానీ రెండో ఇడ్లీ నోట్లో ఉండగా భార్య దుర్గాభవాని ఫోను పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఏవండీ, చూసేరా! మా చెల్లి లావణ్య వాళ్ళాయనకి కోర్టువారు పేరు మార్చేసేరంట. ఇంక సత్తిరాజు గారు కాదంట, రాజ్‌కుమార్ గారంట."

ఇడ్లీ ఉన్నచోటే ఆగింది. "కోర్టు మార్చడమేంటి? ఏం నేరం చేసేడంట?"

"నేరమేంటండీ బాబూ! పాస్‌పోర్టులో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు ఉండి, కువైట్ వెళ్ళినప్పుడల్లా పేచీ అవుతోందని దావా వేసుకున్నారంట. జడ్జి గారు డిక్రీ ఇచ్చేరు. అమ్మ అప్పుడే మొదలెట్టేసింది కూడాను. 'రాజ్‌కుమార్ గారు' అంటుంటే నోరంతా తియ్యగా అయిపోతుందే అంటుంది."

ఇడ్లీ లోపలికి దిగింది గాని దాని వెనకాలే ఇంకేదో వచ్చి గొంతులో అడ్డంగా పడుకుంది. కొబ్బరికాయ కుళ్ళిందీ లేనిదీ పగలగొడితే గాని తెలియదు. గంగబాబు విషయంలో ఆ శ్రమ లేదు, ముఖం చూస్తే చాలు.

తోడల్లుడంటే తోడుగా ఉండే అల్లుడని అమాయకులు అనుకుంటారు. గంగబాబు లెక్కలో తోడల్లుడంటే మనశ్శాంతిని గునపంతో తోడే అల్లుడు. రాజోలులో అత్తవారింటికి పెద్దల్లుడుగా తాను ముందు వెళ్ళాడు. మంచి కుర్చీ తనదే, మొదటి వడ్డన తనదే. అయిదేళ్ళకు లావణ్యను చేసుకుని ఆ కువైట్ వాడు దిగాడు. వస్తూ వస్తూ మావగారి గదికి ఏసీ కొనుక్కొచ్చాడు. ఏసీ పెట్టింది చిన్నల్లుడు, ఆ చల్లటి గదిలో పడుకుని ఉడికిపోయింది మాత్రం పెద్దల్లుడు. అదంతా ఒక ఎత్తు. ఇప్పుడు పేరు కూడానా? అసలే అత్తగారి పేరు రాజ్యం. రాజ్యం గారింట్లో రాజ్‌కుమార్ అంటే ఇంకేముంది, సాక్షాత్తూ యువరాజు! తనో? ఆ ఇంట్లో కొబ్బరికాయల దింపు తీసేవాడి పేరు కూడా గంగబాబే. 'గంగబాబూ' అని అత్తగారు కేకేస్తే అల్లుడు కాఫీ కోసం లేస్తాడు. తీరా చూస్తే ఆ కేక చెట్టు మీదికి.

"నేనూ మార్చుకుంటాను" అన్నాడు గంగబాబు, పెరట్లో చెయ్యి కడుక్కుంటూ, చేతిలోని చెంబుతోనే చెప్పుకుంటున్నట్టు.

ఆ మధ్యాహ్నమే అమలాపురంలో ప్లీడరు వీరవెంకటసత్యనారాయణ గారి ముందు కూర్చున్నాడు. ఆయన పేరు తలుపు మీద పట్టక సగం గోడ మీద రాయించుకున్నారు. ఆ పేరు పొడవు చూసి గంగబాబుకు ఈర్ష్యతో కూడిన భక్తి కలిగింది.

"పేరు మార్పుకి కోర్టుదాకా ఎందుకండీ?" అన్నారు ప్లీడరు గారు. "అఫిడవిట్టు రాసుకుని, పేపర్లో ప్రకటన వేసుకుని, గెజిట్టులో అచ్చేయించుకుంటే మీలాంటివారికి సరిపోద్ది."

"మా తోడల్లుడికి దేంట్లో అయ్యిందండీ?"

"వారిది వేరండీ. రికార్డుల్లో తేడా ఉంది. దావా వేసేం."

"అయితే నాకూ దావాయే వెయ్యండి. వాడికి కోర్టూ, నాకు గెజిట్టూనా? రేపు అత్తారింట్లో పక్కపక్కన కూర్చోవద్దాండీ?"

దావా వేసేవాళ్ళను చూశారు గాని కడుపులో దావానలంతో వచ్చి దావా అడిగేవాణ్ణి ప్లీడరు గారు చూడలేదు. "ఆయ్, అలాగే వేద్దాం. కొత్త పేరేంటో చెప్పండి."

గంగబాబు అక్కడే దొరికిపోయాడు. ఉన్న పేరు వద్దనుకోవడంలో పడి కావలసిన పేరు సంగతి ఆలోచించనేలేదు. 'రాజ్‌కుమార్' కన్నా గొప్పగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అత్తగారి నోటికి అంతకన్నా తియ్యగా ఉండాలి. తినబోయేవాళ్ళనే రుచి అడిగితే పోలేదా అనిపించి, వరండాలోకి వచ్చి ఫోను చేశాడు.

"అత్తయ్యగారూ, ఒక మాట అడుగుతాను, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. లోకంలో ఉన్న పేర్లన్నిట్లోకీ మీకు బాగా ఇష్టమైన పేరేదండీ?"

 అటువైపు నుంచి నవ్వు. అరవయ్యికి దగ్గరపడుతున్న మనిషి పద్నాలుగేళ్ళ పిల్లలా నవ్వింది.

"అయ్యబాబోయ్, ఇదేం ప్రశ్న అల్లుడుగారూ! ఆ పేరు నేను నోటితో చెప్పకూడదండీ."

'చెప్పకూడదా! అంత పవిత్రమైన పేరా!' గంగబాబు రోమాలు లేచి నిలబడ్డాయి. "పోనీ, గుర్తులు చెప్పండి."

"అదేనండీ... ఆరు మొహాలుంటాయి చూడండి, నెమలి మీద కూర్చుంటారు, ఆ స్వామి పేరు. దాని పక్కన శివుడు. ఆ చివర రావు వస్తాదండీ."

గంగబాబు వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, "సుబ్రహ్మణ్యేశ్వరరావు!" అని అరిచాడు. అటువైపు "ఛీ, పొండి!" అని ఫోను పెట్టేసిన చప్పుడు.

ఇది చదివే ఆడవాళ్ళకు ఈపాటికి విషయం తెలిసిపోయి ఉంటుంది. మగవాళ్ళ కోసం చెప్పాలి. రాజ్యం గారు పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడి పేరు నోటితో అనలేదు. ఆ తరం ఆడవాళ్ళు అనరు. ఆ మొగుణ్ణి ఊరంతా పిలిచేది అబ్బులు గారని. గుడి చందా పలక మీద అబ్బులు, గంగబాబు పెళ్ళి శుభలేఖలో కూడా అబ్బులే. పొలం కాగితాల్లో, బ్యాంకు పుస్తకంలో మాత్రమే బతుకుతున్న ఆయన అసలు పేరును కన్యాదానం వేళ పురోహితుడు మూడుసార్లు పైకి చదివాడు. ఆ మూడుసార్లూ గంగబాబు పెళ్ళికూతురి వైపు చూస్తున్నాడు. ఆ తరవాత మావగారి పేరు తెలుసుకునే అవసరం అల్లుడికేం ఉంటుంది? మావగారిని పేరు పెట్టి పిలుస్తాడా ఏమన్నానా?

దావా పడింది. వచ్చే మాఘంలో మావగారి షష్టిపూర్తి. ఈలోగా డిక్రీ తెచ్చి, ఆ శుభలేఖలో 'అల్లుళ్ళు' అన్నచోట కొత్త పేరు పెద్దక్షరాల్లో అచ్చేయించి, అందరి గుండెలూ, ముఖ్యంగా ఒక గుండె, ఆగేలా చెయ్యాలని గంగబాబు ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. కోర్టువారి ఆదేశం ప్రకారం పేపర్లో ప్రకటన వెయ్యాల్సి వచ్చింది: గంగబాబు అను నేను ఇకమీదట సుబ్రహ్మణ్యేశ్వరరావు అని పిలవబడుటకు దావా వేసియున్నాను, అభ్యంతరము ఉన్నవారు ఫలానా వాయిదాకు హాజరు కావలెను.

"ఎవరొస్తారండీ, ఇలాంటివి ఎవరూ చదవరు" అన్నారు ప్లీడరు గారు.

నిజమే, ఎవరూ చదవరు. సెలవు మీద ఇంటికొచ్చి ఏమీ తోచక పేపర్లో నీటిపారుదల టెండర్లతో సహా చదివే కువైట్ వాడు తప్ప. కువైట్ నుంచి మావగారి బ్యాంకు ఖాతాకు పండక్కీ పబ్బానికీ డబ్బు పంపిన చేతికి ఆ పేరు కంఠతా వచ్చు. రాజ్‌కుమార్ ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని సరాసరి మావగారి అరుగెక్కాడు.

"మావయ్యగారూ, పెద్దల్లుడు గారు మీ పేరు తీసేసుకుంటున్నారండీ."

"పేరు తీసుకోవడమేంటయ్యా, అదేమన్నా పనసపండా?"

"ఇదిగో, మీరే చూసుకోండి. మరి కొబ్బరితోట ఎవరి పేరున ఉందండీ? ఈ పేరునే కదా. రేపు ఆయనా ఈ పేరుతోనే సంతకం పెడతారు. నేను చాడీలు చెప్పే మనిషిని కాదు, మీకు తెలుసు. నా పేరు నేను మార్చుకున్నాను గాని ఇంకోరి పేరు మీద పడ్డానాండీ?"

అబ్బులు గారు పేపరు రెండుసార్లు చదివారు. మూడోసారి చదవలేదు, పై కండువా కోసం వెతికారు.

ఆ సాయంత్రం కొత్తపేటలో దుర్గాభవాని వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మా నాన్న పేరు ఎందుకు కావాల్సొచ్చిందండీ మీకు?"

"మీ నాన్న పేరా? మీ నాన్న పేరు అబ్బులు కదే!"

"అబ్బులు అని ఎవరన్నా పేరు పెట్టుకుంటారా! అది ముద్దుపేరు. మా నాన్న పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మావగారి పేరు తెలీదండీ మీకు?"

 గంగబాబు కళ్ళ ముందు ఆరు ముఖాలు గిర్రున తిరిగాయి, ఆరూ అత్తగారివే. అల్లుడు అల్లాడిపోయాడు. నిజానికి ఆ క్షణంలో దావా వెనక్కి తీసుకుందామనే అనుకున్నాడు. ప్లీడరుకు ఫోను చెయ్యడానికి జేబులో చెయ్యి కూడా పెట్టాడు. కానీ దుర్గాభవాని మాట అక్కడితో ఆపలేదు.

"పాపం, రాజ్‌కుమార్ గారు చూసి చెప్పబట్టి తెలిసింది గాని! ఎంత నెమ్మదిగా చెప్పేరండీ మనిషి! 'వదినగారూ, అన్నయ్యగారిని ఏమీ అనకండి, తెలీక చేసుంటారు' అన్నారు."

జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"తెలీక కాదు. తెలిసే చేసేను" అన్నాడు గంగబాబు. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన అసూయ, పేరు కోసమే పుట్టిందో ఏమో, ఒక్కసారి పైకి లేచింది. "ఆ పేరే కావాలి. సుప్రీంకోర్టుకైనా వెళ్తాను."

వాయిదా రోజున అమలాపురం కోర్టులో వాళ్ళిల్లంతా దిగింది. ఒకవైపు గంగబాబు, ప్లీడరు. ఇంకోవైపు అబ్బులు గారు, ఆయన పక్కన కండువా అందిస్తూ రాజ్‌కుమార్. మధ్యలో ఎటు కూర్చోవాలో తెలియక అక్కచెల్లెళ్ళిద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ పేరు తనదేనని సాక్ష్యం చెప్పడానికి అబ్బులు గారు భార్యను కూడా తీసుకొచ్చారు. పట్టుచీర కట్టుకుని, ఎందుకొచ్చిందో సరిగా తెలియకుండా, చేతిసంచిలో జంతికలతో రాజ్యం గారు వచ్చారు.

"సుబ్రహ్మణ్యేశ్వరరావూ!" అని బంట్రోతు కేకేశాడు.

మామా అల్లుడూ ఒకేసారి లేచారు. జడ్జి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆవిడ కొత్తగా బదిలీ మీద వచ్చారు, కోనసీమ ఇంకా అలవాటు కాలేదు.

"మీరెందుకు లేచారు? మీకింకా ఆ పేరు ఇవ్వలేదుగా" అన్నారు గంగబాబుతో.

"అలవాటు చేసుకుంటున్నానండీ."

రాజ్యం గారిని బోనెక్కించారు. ఆవిడ జంతికల సంచి కింద పెట్టి, జడ్జి గారికి కూడా ఒక నమస్కారం పెట్టింది.

"అమ్మా, మీ భర్త పేరు చెప్పండి."

రాజ్యం గారు తల దించుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"భయం లేదమ్మా, చెప్పండి."

"నెమలి మీద కూర్చుంటారండీ."

"ఎవరు? మీ వారా?"

"అబ్బే! మావారు స్కూటరు మీద కూర్చుంటారండీ. నెమలి మీద స్వామి. ఆ స్వామి పేరేనండీ. చివర రావు వస్తాదండీ."

"రావా, వస్తాయా? ఏదో ఒకటి చెప్పండి!"

కోర్టు గొల్లుమంది. బంట్రోతు కూడా స్తంభం చాటుకు వెళ్ళి నవ్వుకుని వచ్చాడు. జడ్జి గారు బల్ల మీద తట్టి, "ఇలా తేలదు గాని" అంటూ గంగబాబు వైపు తిరిగారు. "మీరు చెప్పండి. లోకంలో ఇన్ని పేర్లుండగా మీ మావగారి పేరే ఎందుకు కావాలి? ఆస్తి కోసమా?"

రాజ్‌కుమార్ ముందుకు వంగాడు. ఇంత మంచి ప్రశ్న తానే అడిగినంత ఆనందంగా ఉంది అతనికి.

గంగబాబు ఇంటి దగ్గర నుంచి పెద్ద ప్రసంగమే తయారు చేసుకుని వచ్చాడు. మానవ హక్కుల గురించి కూడా ఉంది అందులో. కానీ జడ్జి గారు 'ఆస్తి' అనేసరికి మనసులో ఉన్నది కాస్తా బయటికి వచ్చేసింది.

"ఆ పేరు ఎవరిదో నాకు తెలీదండి! మా తోడల్లుడు గారిని అత్తయ్యగారు 'రాజ్‌కుమార్ గారూ' అని పిలుస్తుంటే వినలేకపోయేనండి. నన్నూ ఓసారి అలా నోరారా పిలిస్తే చాలనుకున్నాను. మీకు బాగా ఇష్టమైన పేరేదండీ అని ఆవిడనే అడిగేను. లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన పేరు ఇదేనని గుర్తులు చెప్పేరండి. అంతేనండి. నాకు తోటా వద్దు, దొడ్డీ వద్దు."

 అబ్బులు గారు మెల్లగా బోనువైపు తిరిగారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మనిషి తనను 'ఇదిగో', 'ఏవండోయ్', 'మిమ్మల్నే' అని తప్ప పిలవలేదు. కూరలో ఉప్పెక్కువైందంటే మూడు రోజులు మాట్లాడదు. అందుకని ఆయన కూడా ఏవేవో అనుకుని, అనుకున్నదానికి అలవాటుపడిపోయి ఉన్నారు.

"ఏంటీ... అన్నిటికన్నానా? అలా చెప్పేవా?" అన్నారు. 

"అల్లుడుగారు అడిగేరు, చెప్పేను" అంది రాజ్యం గారు, కొంగు చివర మెలిపెడుతూ. "మీరెప్పుడన్నా అడిగేరేంటి?"

అబ్బులు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. ముఖం చాలాసేపు తడిగానే ఉంది. ఆ తరవాత జడ్జి గారికి దణ్ణం పెట్టారు.

"నాకే అభ్యంతరమూ లేదండీ. ఇచ్చెయ్యండి. కావాలంటే రాజోలు తాలూకా అంతటికీ ఇదే పేరు ఇచ్చెయ్యండి."

"మావయ్యగారూ, తోట..." అన్నాడు రాజ్‌కుమార్.

"నువ్వుండవయ్యా!"

ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదని జడ్జి గారు డిక్రీ ఇచ్చేశారు. రాజ్యం గారి జంతికలు ప్లీడర్ల గది దాకా వెళ్ళాయి.

ఇక్కడితో కథ సుఖాంతం కావలసింది. అలా అవుతుందనే గంగబాబు, క్షమించాలి, సుబ్రహ్మణ్యేశ్వరరావు కూడా అనుకున్నాడు. మాఘంలో షష్టిపూర్తికి తన కొట్లో ఉన్న కొత్త షామియానాలన్నీ లారీకెత్తించి ముందురోజే రాజోలు చేరాడు. అత్తగారి నోటి వెంట ఆ పేరు ఎప్పుడు వస్తుందా అని వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"రాజ్‌కుమార్ గారూ, కాఫీ తాగేరా?" వచ్చింది పిలుపు. "రాజ్‌కుమార్ గారూ, పువ్వులోళ్ళు వచ్చేరేమో చూడండి బాబూ." "రాజ్‌కుమార్ గారూ, ఓ గారె నోట్లో వేసుకుని వెళ్ళండి!"

పెద్దల్లుడి ముందుకు వచ్చేసరికి ఆవిడ ఆగింది. నోరు తెరిచింది. అది మొగుడి పేరని గుర్తొచ్చి మూసుకుంది. పాత పేరు పెట్టి పిలుద్దామా అంటే కోర్టువారు ఊరుకుంటారో ఊరుకోరో అని భయం. ఆఖరికి కొంగు భుజాల నిండా కప్పుకుని, "ఇదిగోనండీ" అని గ్లాసు అక్కడ పెట్టి పారిపోయింది. ఆ రోజంతా అంతే. కోర్టు ఇచ్చిన పేరు కాగితం మీదే ఉండిపోయింది. అత్తగారి గారెలకు పేరు పెట్టడానికి లేదు గాని పెద్దల్లుడికి మాత్రం గొంతు దిగలేదు. అటుపక్క రాజ్‌కుమార్ పేరుపేరునా అందరినీ పలకరిస్తూ, తన పేరు వినపడిన ప్రతిసారీ ఇటుకేసి చూసి నవ్వాడు.

"ఏమే, పాత పేరు వెనక్కి ఇమ్మంటే కోర్టువాళ్ళు ఇస్తారంటావా?" అన్నాడు భార్యతో, మావగారి ఏసీ గదిలో చెమటలు కక్కుతూ.

మర్నాడు ముసలి దంపతులు వాడపల్లి స్వామి దర్శనం చేసుకుని, మెడల్లో దండలతో ఇంటికి వచ్చారు. కొత్త దంపతుల్ని ఆపినట్టే కూతుళ్ళిద్దరూ గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టి నిలబడ్డారు. పేరు చెబితేనే లోపలికి! అబ్బులు గారికి ఏ ఇబ్బందీ లేదు, "నేనూ, మా రాజ్యం వచ్చేం" అనేశారు. ఇంక రాజ్యం గారి వంతు. షామియానా కింద ఊరంతా లేచి నిలబడింది.

"చెప్పమ్మా! చెప్పకపోతే ఇవాళంతా వీధిలోనే" అంది లావణ్య.

"మొన్న కోర్టులోనే చెప్పలేదు, ఇక్కడేం చెప్తుందిలే" అని నవ్వాడు రాజ్‌కుమార్.

రాజ్యం గారు కిందకి చూసింది, పైకి చూసింది. చూపు షామియానా స్తంభం పక్కన దిగాలుగా నిలబడ్డ పెద్దల్లుడి మీద పడి అక్కడ ఆగింది. ముఖం వెలిగింది. మనిషి నిటారుగా నిలబడి, ఊరందరికీ వినపడేలా చెప్పింది.

"మా పెద్దల్లుడు గారి పేరు గల వారితో వచ్చేనండీ!"

కేకలు, చప్పట్లు. గంగబాబు స్తంభం పట్టుకోకపోతే పడిపోయేవాడే. ఇంతమందిలో మావగారికి గుర్తు తాను! అబ్బులు గారు నవ్వుతూ వచ్చి తన మెడలో దండ తీసి పెద్దల్లుడి మెడలో వేశారు. "అంతేగా మరి! ఈ ఇంట్లో పేరున్నవాళ్ళం మేమిద్దరమే!" ఆ మధ్యాహ్నం నుంచి రాజ్యం గారు పెద్దల్లుడి గురించి ఎవరితో మాట్లాడినా గొంతు తగ్గించి, కొంగు సర్దుకుని, దేవుడి గురించి చెప్పినట్టు 'వారు' అనడం మొదలుపెట్టింది. అటునుంచి "రాజ్‌కుమార్ గారూ, ఆ విస్తళ్ళు ఇలా అందుకోండి" అన్న పిలుపు వస్తూనే ఉంది. ఈసారి రాజ్‌కుమార్ ఇటుకేసి చూశాడు గాని నవ్వలేదు.

సోమవారం ఉదయం ప్లీడరు వీరవెంకటసత్యనారాయణ గారు తలుపు తీసేసరికి మెట్ల మీద రాజ్‌కుమార్ కూర్చుని ఉన్నాడు.

"మీకు డిక్రీ వచ్చింది కదండీ! ఇంకా ఏంటి ఇబ్బంది?"

"ఆ పేరుతో లాభం లేదండీ. అత్తయ్యగారు ఇట్టే పిలిచేస్తున్నారు" అన్నాడు రాజ్‌కుమార్, కళ్ళు ఎర్రగా. "నాక్కూడా ఆవిడ పిలవలేని పేరు కావాలి. అదే పేరు వెయ్యండి."

ప్రకటన మళ్ళీ పేపర్లో పడింది. పడిన రోజునే సుబ్రహ్మణ్యేశ్వరరావు అనే ఆయన తీవ్ర అభ్యంతరం దాఖలు చేశారు. దాఖలు చేసింది మావగారా, అల్లుడా అన్నది తేల్చడానికి జడ్జి గారు మొదటి వాయిదా వేశారు.